రేవుకు పట్టా ఎక్కడిది?

స్త్రీల సమస్యలపై జరిగే సభల్లో, వర్క్‌షాపుల్లో వాగుల గురించీ చెరువుల గురించీ మాట్లాడేందుకు లేచినప్పుడల్లా నాకు ఒకే జవాబు ఎదురవుతుంది: "ముఖ్యమైన విషయమే, కాని అది పర్యావరణ ఉద్యమం చూసుకోవాల్సింది." వరకట్నం, గృహహింస, కూలి రేట్లు, ఆస్తిహక్కు, సారా ఇవన్నీ స్త్రీల సమస్యలు. చచ్చిపోయిన చెరువు మాత్రం మరెవరిదో సమస్య. ఈ విభజన ఎవరు చేశారు? దీనివల్ల ఎవరికి లాభం? సంగారెడ్డి, పటాన్‌చెరు ఊళ్ళలో పదేళ్ళకు పైగా తిరిగిన అనుభవంతో నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. నీళ్ళను పాడుచేసిన నష్టాన్ని మన రాజ్యం భూమి లెక్కలో కొలిచింది. భూమి లేకుండా నీళ్ళ మీద బతికినవాళ్ళు ఆ లెక్కలోకి రాలేదు. వాళ్ళలో అత్యధికులు స్త్రీలు. కాబట్టి ఇది మన సమస్యే.

వాగు ఎటు పోతుంది?

ముందు ఈ ప్రాంతపు నీళ్ళ దారి తెలుసుకోవాలి. పటాన్‌చెరులో పారిశ్రామికవాడ 1970ల మధ్యలో మొదలైంది. హైదరాబాదుకు దగ్గర, చౌకగా భూమి, వెనుకబడిన ప్రాంతమనే పేరుతో రాయితీలు. 1980 ఎన్నికల్లో ఇందిరాగాంధీ మెదక్ నుంచి లోక్‌సభకు గెలిచిన తర్వాత పరిశ్రమలు మరింత వేగంగా వచ్చాయి. పటాన్‌చెరు, బొల్లారం, కాజిపల్లి, పాశమైలారం చుట్టూ రసాయన, బల్క్ డ్రగ్ కర్మాగారాలు వరుసగా లేచాయి. వాటి మురుగు చిన్న వాగుల్లోంచి, చెరువుల్లోంచి నక్కవాగులో కలుస్తుంది. నక్కవాగు ఉత్తరంగా పారి మంజీరలోకి పోతుంది. మంజీర నిజాంసాగర్ మీదుగా వెళ్ళి కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది.

ఇక్కడ గమనించాల్సిన విషయం ఒకటుంది. 1965 నుంచి హైదరాబాదుకు తాగునీరిస్తున్న మంజీర బ్యారేజీ, నక్కవాగు మంజీరలో కలిసే చోటుకు ఎగువన ఉంది. మొసళ్ళనూ పక్షులనూ కాపాడటానికి 1978లో ప్రకటించిన మంజీర అభయారణ్యం కూడా ఎగువనే ఉంది. అంటే నగరం తాగే నీళ్ళు, చట్టం కాపాడే మొసళ్ళు సంగమానికి పైన. పోచారం, బాచుగూడెం, ఆరుట్ల, చిద్రుప్ప, బైతోల్, ఇస్మాయిల్‌ఖాన్‌పేట లాంటి ఊళ్ళు మురుగు పారే దారిలో. 1996లో ప్రభుత్వం జీవో 111 ఇచ్చి, ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ల చుట్టూ పది కిలోమీటర్ల మేర కాలుష్య పరిశ్రమలు పెట్టకూడదంది. 2022లో ఆ ఆంక్షలను సడలించారు, అది వేరే కథ. కాని నగరం తాగే నీళ్ళ చుట్టూ గీత గీయాలని 1996లో ప్రభుత్వానికి తోచింది. నక్కవాగు ఒడ్డున అలాంటి గీత గీయాలని మాత్రం తోచలేదు. తెలియక జరిగింది కాదిది. ఎవరి నీళ్ళు నీళ్ళో, ఎవరి నీళ్ళు కాలువో ముందే తేల్చుకున్నారు.

చెరువంటే గుంతలో నిలిచిన నీళ్ళేనా?

ప్రభుత్వ రికార్డుల్లో చెరువంటే ఆయకట్టు. దాని కింద ఎన్ని ఎకరాలు పారతాయనేదే దాని విలువ. ఊరి స్త్రీలకు చెరువు అంతకంటే చాలా పెద్దది. తెలంగాణ చెరువులు గొలుసుకట్టు చెరువులు. పై చెరువు అలుగు పారితే కింది చెరువు నిండుతుంది. తొలకరి నీళ్ళకు చేపలు వాగు వెంట ఎదురెక్కుతాయి. అంచుల్లో, మోకాలి లోతు నీళ్ళలో, తుంగా జమ్మూ పెరిగే చోట గుడ్లు పెడతాయి. కప్పలు, నత్తలు, ఎండ్రికాయలు, తూనీగలు అన్నీ ఆ అంచుల్లోనే బతుకుతాయి. కొంగలు వచ్చేది వాటికోసమే. శాస్త్రవేత్తలు ఆవాసం అనేది దీన్నే. ఎండాకాలంలో నీళ్ళు తగ్గితే శికంలో గడ్డి మొలుస్తుంది, పశువులు మేస్తాయి.

సరిగ్గా ఈ అంచుల్లోనే స్త్రీల పని కూడా ఉంది. చాకలి స్త్రీలకు రేవు అక్కడే. కూలికి పోయి వచ్చే దళిత స్త్రీలు పొన్నగంటి కూర తెంపుకునేదీ, నత్తలు, ఎండ్రికాయలు ఏరుకునేదీ అక్కడే. బర్రెల్ని కడిగేదీ, గడ్డి కోసుకునేదీ అక్కడే. ముదిరాజు, గంగపుత్ర కుటుంబాల్లో వల వేసేది మగవాళ్ళయితే, తెల్లవారుజామున గంపనెత్తుకుని ఊరూరూ తిరిగి చేపలమ్మేది ఆడవాళ్ళు. తంగేడు, గునుగు పూలతో పేర్చిన బతుకమ్మను సాగనంపేదీ ఆ నీళ్ళలోకే. వీటిలో దేనికీ రశీదు లేదు, శిస్తు లేదు, పట్టా లేదు. అందుకే వీటిలో ఏది పోయినా నష్టం జరిగినట్టు ఏ కాగితంలోనూ ఎక్కదు.

నేను సర్వే పత్రం పట్టుకుని ఒక ఊళ్ళో తిరుగుతూ, ఒకప్పుడు చాకలి వృత్తి చేసిన ఒక పెద్దామెను "మీ భూమి ఎంత పాడైందమ్మా?" అని అడిగాను. "భూమి ఏడిది బిడ్డా? మాకు రేవే భూమి. రేవుకు పట్టా ఉంటదా?" అంది. నా దగ్గరున్న పత్రంలో ఆ జవాబు రాసుకోవడానికి గడి లేదు. న్యాయస్థానాల దగ్గరా ప్రభుత్వ శాఖల దగ్గరా ఉన్న పత్రాల్లోనూ ఆ గడి లేదని తర్వాత వాటిని చదివినకొద్దీ తెలిసింది.

నీళ్ళలో ఏం జరిగింది?

మందుల కర్మాగారం మురుగు ఊరి మురుగు లాంటిది కాదు. అందులో ద్రావణులు, లవణాలు, తయారీలో మిగిలిపోయిన మందులు కలిసి ఉంటాయి. సేంద్రియ రసాయనాలను విరగ్గొట్టే క్రమంలో బాక్టీరియా నీళ్ళలోని ప్రాణవాయువును వాడేసుకుంటుంది. రాత్రంతా కిరణజన్య సంయోగక్రియ ఉండదు కాబట్టి తెల్లవారేసరికి ఆక్సిజన్ అడుగంటుతుంది. బొచ్చె, రవ్వ లాంటి చేపలు ముందు చస్తాయి. పైకి వచ్చి గాలి పీల్చుకోగల కొర్రమీను ఇంకొంత కాలం తట్టుకుంటుంది. తెలంగాణ రాష్ట్ర చేపగా మనం గౌరవించుకుంటున్నది ఆ కొర్రమీనునే. వాన పడినప్పుడు, వరద చాటున నిల్వ మురుగును వదిలెయ్యడం ఈ ప్రాంతంలో ప్రజలు ఏళ్ళ తరబడి చేస్తున్న ఫిర్యాదు. 2017 అక్టోబరులో గండిగూడెం చెరువులో చేపలు గుట్టలు గుట్టలుగా చచ్చి తేలాయి. చేపలు చచ్చిన రోజు పత్రికల్లో ఫొటో వస్తుంది. ఆ తర్వాత గంప ఖాళీగా ఉన్న నెలలకు ఫొటో రాదు.

కంటికి కనిపించని నష్టం ఇంకా పెద్దది. చిన్నా పెద్దా పరిశ్రమల మురుగును ఒకచోట శుద్ధి చేయడానికి 1990ల్లో పటాన్‌చెరులో ఉమ్మడి శుద్ధి కర్మాగారం ఏర్పాటైంది. స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం, సుమారు 90 మందుల తయారీ సంస్థల మురుగు చేరే ఆ కర్మాగారం నుంచి శుద్ధి అయి బయటికొచ్చే నీళ్ళను పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించింది. లీటరు నీటిలో 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ దొరికింది. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండే మోతాదుకంటే ఇది ఎక్కువ. రోజుకు 45 కిలోల చొప్పున ఆ ఒక్క మందే బయటికి పోతోందని వాళ్ళు లెక్క కట్టారు. అంటే తొంభై లక్షల జనాభా ఉన్న స్వీడన్ దేశం అయిదు రోజుల్లో వాడేంత. ఆ తర్వాతి పరిశోధనల్లో ఈ ప్రాంతపు చెరువుల్లోనే కాక ఊళ్ళలోని బావుల్లో కూడా మందుల ఆనవాళ్ళు దొరికాయి. వాగు అడుగు బురదలో మందులకు లొంగని బాక్టీరియా జన్యువులు విపరీతంగా కనిపించాయి. ఇలాంటి జన్యువులు ఒక బాక్టీరియా నుంచి మరొకదానికి సులభంగా దాటుతాయి. ఎక్కడి నీళ్ళు అక్కడే ఉంటాయని ఊరడిల్లడానికి వీల్లేదు.

కప్పల విషయం కూడా చెప్పాలి. 2009లో వెలువడిన ఒక అధ్యయనంలో ఇదే శుద్ధి కర్మాగారం నీళ్ళను మంచినీళ్ళలో కలిపి తోకకప్పలను పెంచి చూశారు. వెయ్యి పాళ్ళలో రెండు పాళ్ళు కలిపినా వాటి ఎదుగుదల దాదాపు 40 శాతం తగ్గింది. శుద్ధి చేశామని చెప్పే నీళ్ళ సంగతి ఇది. చెరువు అంచున కప్ప పిల్ల ఎదగని నీళ్ళలో మన అక్కచెల్లెళ్ళు నాట్లప్పుడు పూటల తరబడి మోకాలి లోతున నిలబడతారు. గ్రీన్‌పీస్ సంస్థ 2004లో ఈ ఊళ్ళ ఆరోగ్యంపై నివేదిక తెస్తూ, పరిశ్రమలకు దూరంగా ఉన్న ఊళ్ళకంటే ఇక్కడ తీవ్రమైన జబ్బులు ఎక్కువని చూపింది. జబ్బు మనిషి ఇంట్లో ఉంటే ఎవరి కూలి పోతుందో, ఎవరి నిద్ర పోతుందో మనకు కొత్తగా చెప్పక్కర్లేదు.

కోర్టు లెక్క

ఇక్కడి ప్రజలు ఊరుకున్నారని ఎవరూ అనలేరు. రైతులు ఊరేగింపులు తీశారు, ధర్నాలు చేశారు. పటాన్‌చెరు వైద్యుడు డాక్టర్ ఎ. కిషన్‌రావు దశాబ్దాల పాటు ఈ పోరాటాన్ని నడిపారు. 1990లో ఇండియన్ కౌన్సిల్ ఫర్ ఎన్విరో లీగల్ యాక్షన్ సుప్రీంకోర్టులో రిట్ పిటిషన్ 1056 వేసింది. కోర్టు జిల్లా జడ్జితో విచారణ చేయించింది, పరిహారం ఇప్పించింది, ఊళ్ళకు తాగునీరు ఇవ్వమని ఆదేశించింది. 2001లో కేసు ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు, 2013లో జాతీయ హరిత ట్రిబ్యునల్ చెన్నై బెంచికి మారింది. 2017లో తీర్పు వచ్చింది. ఇరవై ఏడేళ్ళు! కేసు వేసిన ఏడాది పుట్టిన ఆడపిల్ల తీర్పు వచ్చేనాటికి ఇద్దరు పిల్లల తల్లి అయి ఉంటుంది.

ఈ పోరాటాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. అది లేకపోతే ఈ మాత్రం కూడా జరిగేది కాదు. కాని ఒక స్త్రీవాదిగా నేను అడగాల్సిన ప్రశ్న ఉంది. పరిహారాన్ని ఏ కొలతతో లెక్కగట్టారు? ఎకరాల్లో. పంట నష్టంగా. డబ్బు అందింది పట్టాదారు పాసుపుస్తకం ఉన్నవాళ్ళకు. మన పల్లెల్లో ఆ పుస్తకం మీద ఎవరి పేరుంటుంది? మగవాడి పేరు. ఆ భూమిలో ఏళ్ళ తరబడి నాటు వేసి, కలుపు తీసిన ఇంటి స్త్రీకి తన పేరు మీద ఏమీ రాలేదు. ఇక కూలి స్త్రీకి, రేవు పోయిన చాకలి స్త్రీకి, గంప పోయిన చేపల స్త్రీకి అడగడానికి ఆధారమే లేదు. చెరువు కూడా ఈ లెక్కలో లేదు. దాని అడుగు బురద, దాని చేపలు, దాని అంచులు ఎవరి నష్టంలోనూ చేరలేదు.

పరిహారమిచ్చాక కూడా చెరువు చెరువుగా తిరిగి రాలేదు. ఎందుకు రావాలి? పంట నష్టానికి డబ్బు చెల్లిస్తే లెక్క తీరిపోయిందనుకున్నారు. నీళ్ళకు బదులు నల్లా ఇచ్చారు. నల్లా అవసరమే, దానికోసం పోరాడాం. కాని నల్లా నీళ్ళలో బట్టలుతికే వృత్తి బతకదు, చేప ఈదదు, బర్రె దిగదు. చెరువు చేసే పది పనుల్లో నల్లా చేసేది ఒకటి. మిగతా తొమ్మిదీ స్త్రీల చేతుల మీద జరిగేవి కాబట్టి అవి పోయినట్టు ఎవరికీ కనిపించలేదు.

బాధితులు ఎవరో తేల్చే అధికారం ఎవరి చేతిలో ఉంటుందనేది ఇక్కడి ప్రశ్న మాత్రమే కాదు. జపాన్‌లోని మినమాతాలో చిస్సో కంపెనీ సముద్రపు ఖాతంలోకి పాదరసం వదిలింది. చేపలు తిన్న మత్స్యకార కుటుంబాలు జబ్బు పడ్డాయి. 1956లో జబ్బును అధికారికంగా గుర్తించారు. కారణం కంపెనీయేనని ప్రభుత్వం ఒప్పుకోవడానికి 1968 దాకా పట్టింది. పైకి ఆరోగ్యంగా కనిపించిన తల్లుల గర్భంలోనే పిల్లలకు విషమెక్కింది. ఆ తర్వాత 1977లో ప్రభుత్వం పెట్టిన కఠిన ప్రమాణాల వల్ల వేలాదిమందికి బాధితులన్న గుర్తింపే దొరకలేదు. అక్కడ లక్షణాల జాబితా చేసిన పనిని ఇక్కడ పట్టా పుస్తకం చేసింది.

విషానికి ఇల్లు మార్చడం పరిష్కారమా?

నక్కవాగు మీద గొడవ పెరిగాక ఏం చేశారు? 2000ల చివర్లో పటాన్‌చెరు శుద్ధి కర్మాగారం నుంచి సుమారు 18 కిలోమీటర్ల పైపులైను ద్వారా మురుగును నగరపు మురుగు కాలువలో కలిపి, అంబర్‌పేట శుద్ధి కేంద్రం మీదుగా మూసీకి మళ్ళించారు. మూసీ నల్లగొండ జిల్లా దాటి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. అంటే గోదావరి వైపు పోయే విషాన్ని కృష్ణ వైపు తిప్పారు. మూసీ ఒడ్డున పారాగడ్డి కోసేదీ, ఆకుకూరలు పండించి అమ్మేదీ మళ్ళీ స్త్రీలే. ఒక చోట అక్క నెత్తిన ఉన్న బరువును దింపి ఇంకోచోట చెల్లె నెత్తిన పెట్టడాన్ని పరిష్కారం అంటారా?

ఇప్పుడు ఆ బరువు సముద్రం దాకా పోతోంది. అనకాపల్లి జిల్లా నక్కపల్లిలో బల్క్ డ్రగ్ పార్కు తలపెట్టారు. 2025లో రాజయ్యపేట మత్స్యకారులు దానికి వ్యతిరేకంగా ఆందోళనకు దిగారు, ఆడవాళ్ళు ముందు నిలిచారు. పటాన్‌చెరు ముప్పై ఏళ్ళ కిందట నేర్చుకున్న పాఠం వాళ్ళకు ఎవరూ చెప్పక్కర్లేదు. కాని అక్కడ కూడా లెక్క ఎకరాలతోనే మొదలైతే, తీరంలో చేపలు ఎండబెట్టే స్త్రీకి ఇసుక మీద పట్టా ఎక్కడ నుంచి వస్తుంది?

చట్టాలు కూడా ఈ మధ్య పరిశ్రమల వైపే జరిగాయి. 2020 మార్చిలో, కోవిడ్ మందుల అవసరం పేరు చెప్పి, బల్క్ డ్రగ్ ప్రాజెక్టులను కొంతకాలం ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేని వర్గంలోకి మార్చారు. 2020 జనవరిలో వచ్చిన ముసాయిదాలో, మందుల పరిశ్రమ మురుగులో ఏ యాంటీబయాటిక్ ఎంతకు మించకూడదో పరిమితులు పెట్టారు. 2021లో వచ్చిన తుది నోటిఫికేషన్‌లో ఆ పరిమితులు మాయమయ్యాయి. 1974 నాటి నీటి కాలుష్య నివారణ చట్టాన్ని 2024లో సవరించి, చాలా ఉల్లంఘనలకు జైలుశిక్ష తీసేసి జరిమానాతో సరిపెట్టారు. తీర్మానం చేసి స్వీకరించిన రాష్ట్రాలకు ఇది వర్తిస్తుంది. మన రెండు రాష్ట్రాల్లో ఈ సవరణ విషయంలో మన సంఘాలు మాట్లాడాలి.

"పరిశ్రమలు వద్దంటారా? ఉద్యోగాలు వద్దా?" అని అడుగుతారు. మందులు కావాలి, ఉద్యోగాలూ కావాలి. కాని చౌకగా తయారైన మందు ధరలో ఎవరు చెల్లించిన భాగం ఎంత? వాగును చంపిన నిర్లక్ష్యమే లోపల కార్మికులనూ చంపుతోంది. 2025 జూన్ 30న పాశమైలారంలోని ఒక మందుల పరిశ్రమలో జరిగిన పేలుడులో నలభై మందికి పైగా చనిపోయారు. వాళ్ళలో ఎక్కువమంది ఒడిశా, బీహార్, ఉత్తరప్రదేశ్ లాంటి రాష్ట్రాల నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్ళు. ఊరివాళ్ళకూ కార్మికులకూ పోటీ పెట్టే వాదనను మనం ఒప్పుకోకూడదు.

మనం చేయాల్సినవి

మొదటిది, లెక్క మనమే రాయాలి. ప్రతి ఊళ్ళో చెరువును, వాగును ఎవరెవరు దేనికి వాడుకునేవారు, ఏ కాలంలో, ఎంత ఆదాయం, ఏ చేపలు, ఏ ఆకుకూరలు, అవి ఎప్పటి నుంచి కనిపించడం లేదు అని స్త్రీలను అడిగి నమోదు చేయాలి. అక్షరం రాని స్త్రీ జ్ఞాపకంలో ఉన్న చెరువు చరిత్ర ఏ శాఖ దగ్గరా లేదు. ఇదే జిల్లాలో జహీరాబాద్ ప్రాంతపు దళిత మహిళా సంఘాలు విత్తనాల విషయంలో ఇలాంటి పని ఎంతో గొప్పగా చేసి చూపించాయి. నీళ్ళ విషయంలో ఎందుకు చేయలేం? ఆ నమోదును గ్రామసభలో పెట్టి తీర్మానంగా ఆమోదింపజేయాలి.

రెండోది, పరిహారం అడిగేటప్పుడు జీవనాధార నష్టం అనే పద్దు ఉండాలని పట్టుబట్టాలి. అది మనిషి లెక్కన, స్త్రీ పేరు మీద, పట్టాతో సంబంధం లేకుండా రావాలి. ప్రకృతి వనరులకు ప్రభుత్వం ధర్మకర్త మాత్రమేనని సుప్రీంకోర్టు 1996 డిసెంబరులో కమల్‌నాథ్ కేసులో చెప్పింది. ధర్మకర్త లెక్క చెప్పాల్సింది పట్టాదారులకు ఒక్కరికే కాదు.

మూడోది, మత్స్య సహకార సంఘాల్లో చేపలమ్మే స్త్రీలకు సభ్యత్వం కావాలి. సభ్యత్వం ఉంటేనే చెరువు చచ్చిన రోజున వాళ్ళు బాధితులుగా కాగితం మీద నిలబడతారు.

నాలుగోది, చెరువు బాగుపడిందని తేల్చేది ఎలా అన్నది మన ప్రశ్న కావాలి. కాలుష్య నియంత్రణ మండలి అంకెలు సరిపోవు. అడుగు బురదను పరీక్షించాలి, మందుల అవశేషాలను పరీక్షించాలి. అంచుల్లో కప్పలు తిరిగి వచ్చాయా, చేప గుడ్లు పెడుతోందా చూడాలి. దాన్ని చూసి చెప్పగలిగినవాళ్ళు ఊళ్ళో ఉన్నారు. వాళ్ళను కమిటీల్లో కూర్చోబెట్టాలి.

1992లో దూబగుంట స్త్రీలు సారా దుకాణం ముందు కూర్చున్నప్పుడు, అది తాగుబోతు మొగుళ్ళ సమస్య అనీ, ఎక్సైజ్ శాఖ సమస్య అనీ చాలామంది అన్నారు. అది ఆడవాళ్ళ సమస్య అని వాళ్ళు తేల్చి చెప్పారు, 1993లో సారా నిషేధం తెచ్చుకున్నారు. వాగుల విషయంలో ఆ మాట ఇంకా మనం గట్టిగా అనలేదు. వచ్చే సమావేశం ఎజెండా రాసేటప్పుడు కూలి రేట్ల కిందా, ఆస్తిహక్కు కిందా ఒక వరుసలో చెరువు అని కూడా రాద్దాం. దానిమీద మాట్లాడటానికి రేవు పోయిన స్త్రీలను పిలుద్దాం.